సిమెంటు వేయని పెరడు

మా అత్త కాళమ్మను తళి నుంచి మా ఇంటికి తెచ్చుకున్న వారంలోనే బాలాజి గేటు ముందు ఇసుక, జల్లికంకర దింపించాడు. ఎండాకాలం ముగిసిపోతున్న రోజులు. హోసూరులో ఒకరింటి పని చూసుకుని నేను స్కూటీ మీద కెలవరపల్లి చేరేసరికి, మేస్త్రీ పిల్లప్ప మా పెరట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు దారం లాగి కొలతలు తీస్తున్నాడు.

“ఏమన్నా ఇది?” అని అడిగాను.

“కాంక్రీటు పోసేదమ్మా. గేటుకాడ్నుంచి బోరు దాకా మొత్తం. పక్కన పట్టుకోని నడిచేదానికి పైపు. బాలాజి చెప్పలేదా?”

చెప్పలేదు. బాలాజి నా భర్త. హోసూరులో బండ్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఒక నిర్ణయం తీసుకున్నాక దాన్ని ఇంట్లో చెప్పడం అతనికి గుర్తుండదు.

కాళమ్మ జీవితంలో సగం తళి దగ్గరి రోజాతోటల్లో గడిచింది. ప్లాస్టిక్ పందిళ్ళ కింద పెంచే పొడుగు కాడల రోజాలు. కోయడం, ముళ్ళు తీయడం, కట్టలు కట్టడం, మందు కొట్టడం అన్నీ చేసింది. భర్త పోయాక ఆ పనితోనే బాలాజిని చదివించింది. కంటిలో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందని కృష్ణగిరి డాక్టరు చెప్పేనాటికే కుడికన్ను పోయింది. ఎడమకంటికి సన్నటి గొట్టంలోంచి చూసినంత మేర కనిపించేది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం, చుక్కలు మాత్రం మానొద్దు అన్నాడాయన. ఆ కాస్త చూపుతోనే పనికి పోతూ, తోటలో మురుగుకాలువలో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. తోటవాళ్ళు ఇక రావద్దన్నారు.

సాయంత్రం బాలాజి వచ్చాక పెరట్లోనే వాదన మొదలైంది. పిల్లప్ప దారం చుట్టుకుంటూ పక్కన నిలబడ్డాడు.

“పోయిన ఎండల్లో బోరు ఎండిపోయింది మర్చిపోయినావా? ఉన్న ఈ కాస్త మన్ను కూడా మూసేస్తే వాననీళ్ళన్నీ రోడ్డు పాలే,” అన్నాను.

“నీళ్ళు ట్యాంకర్లో తెప్పించుకోవచ్చు. మాయమ్మ తుంటి ఇరిగితే యాడ్నుంచి తెప్పించేది?”

“దారి మాత్రం గట్టిగా వేస్తాను. మిగతా జాగాలో చెట్లు పెడతాను.”

“నీ చెట్ల కింద ఆకులు పరుస్తావు. ఆకుల కింద పాములొస్తాయి. నువ్వు హోసూర్లో పనికి పోతావు, నేను షిఫ్టుకి పోతాను. ఈడ మాయమ్మ ఒకతే ఉంటుంది.”

అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. అంతలో గడప దగ్గర నుంచి కాళమ్మ మాట వినిపించింది.

“మీ గలాటాలోకి నన్ను ఈడ్చొద్దండి. నన్ను తళికి పంపేయండి, సాలు.”

చివరికి పిల్లప్పే, వానలు దగ్గరికొచ్చినాయి, ఇప్పుడు పోసినా సరిగ్గా ఆరదు, దీపావళి అయినాక చూసుకుందాం అన్నాడు. బాలాజి నా వైపు చూసి, “అంతవరకు నీ ఇష్టం. ఆ లోపల మాయమ్మ ఒక్కసారి పడిందా, మర్నాడే పోయిస్తా,” అన్నాడు.

నా పని ఇళ్ళ చుట్టూ ఉండే జాగాను తీర్చిదిద్దడం. వాన ఎటు పడి ఎటు పారుతోంది, ఎండ ఏ మూల ఎంతసేపు ఉంటోంది, వంటింటి నీళ్ళూ రాలిన ఆకులూ ఏమవుతున్నాయి, ఇవన్నీ చూసి, బయటినుంచి తెచ్చుకునేదీ బయటికి పారేసేదీ తగ్గిపోయేలా చెట్లూ దారులూ గుంటలూ అమర్చడం. పెర్మాకల్చర్ అంటారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ హోసూరులో ఇల్లు కట్టుకున్నవాళ్ళు నన్ను పిలుస్తారు. మా సొంత పెరడు మాత్రం గృహప్రవేశం నాటి నుంచీ ఎర్రమట్టి, పిచ్చిమొక్కలు. ఎవరైనా మీ తోట చూపించండి అంటే మాట మార్చేదాన్ని.

ఆ రాత్రి భోజనాల దగ్గర కాళమ్మ నాతో అంది. “పరిమళా, అత్తకోసరం తోట ఏస్తాండానని మాత్రం ఎవురికీ చెప్పొద్దు. నీకు కావాల, నువ్వు ఏసుకో.”

“నీకోసం కూడా అత్తా.”

“కూడా,” అంది ఆమె.

ఇద్దరు కూలీలను పెట్టుకుని పని మొదలుపెట్టాను. మా జాగా బోరు వైపు ఎత్తుగా, గేటు వైపు పల్లంగా ఉంటుంది. వాలుకు అడ్డంగా, మట్టం చూసుకుంటూ ఒక కందకం తవ్వించాను. పైనుంచి వచ్చిన వాననీరు అందులో ఆగి ఇంకాలని. కందకం నిండితే మిగిలిన నీళ్ళు చేరడానికి చివర చిన్న నీటిగుంట. వంటింటి నీళ్ళు పోయేచోట గుంట తీసి చుట్టూ అరటిపిలకలు నాటాను. ఫ్యాక్టరీలో పారేసే అట్టపెట్టెలు బాలాజి ఆటోలో వేయించి పంపాడు. ఎందుకని అడగలేదు, తను మాత్రం చెయ్యి వేయలేదు. ఆ అట్టలు నేలమీద పరిచి, పైన పేడ, ఎండాకులు, కొబ్బరిపీచు వేశాను. మునగ, బొప్పాయి, కరివేపాకు, కంది నాటి, కింద చిలగడదుంప తీగ పాకించాను.

దారికి ఇటుకముక్కలు దంచి పోయించాను, కాలికి తేడా తెలిసేలా. వంటింటి గుమ్మం దగ్గర పుదీనా, వామాకు. దారి మలుపు తిరిగేచోట మోకాలెత్తున నిమ్మగడ్డి, చీర తగిలితే వాసన వచ్చేలా. నీటిగుంట దగ్గరికి చేరేముందు మరువం. ఇవన్నీ కాళమ్మకు చెప్పాను. ఆమె మంచం మీద కూర్చుని సరేలే అంది. బయటికి రాలేదు. విరిగిన మణికట్టు కట్టు విప్పినా, గది నుంచి బాత్‌రూముకు, బాత్‌రూము నుంచి గదికి, గోడ పట్టుకుని నడిచేది. అంతకు మించి అడుగు వేసేది కాదు.

మొదటి పెద్దవాన పగటిపూట పడింది. నేను బట్టలు లోపలికి తెచ్చి కిటికీలు మూస్తుంటే కాళమ్మ, “మూయొద్దు,” అంది. చెవి అటు పెట్టి చాలాసేపు వింది.

“ఏమ్మే, వాన ఇంత గట్టిగా పడతాంది, నీళ్ళు పారే సద్దు లేదే? నేనొచ్చిన కొత్తలో కొంచెం పడితేనే గేటుకాడ గలగలా పోతా ఉండె.”

“కందకంలోకి పోతా ఉండాయత్తా. ఆడ నిలబడి ఇంకతాయి.”

“అంతా?”

“ఇప్పటిదాకా అంతా.”

ఆమె లేచింది. వంటింటి గుమ్మం దాకా వచ్చి, చెప్పులు లేని కాలు మెట్టు కింద పెట్టింది. వాన ఇంకా సన్నగా పడుతూనే ఉంది. నేను చెయ్యి పట్టుకోబోతే, “సుమ్నే ఉండు, పట్టుకోవద్దు,” అంది. ఇటుకముక్కల మీద నెమ్మదిగా నాలుగడుగులు వేసింది. మలుపు దగ్గరికొచ్చేసరికి కాలు మెత్తటి ఆకుల్లోకి దిగింది. అక్కడే ఆగిపోయింది. ఇల్లు ఎటుందో, కందకం ఎటుందో ఆమెకు అర్థం కావడం లేదని మొహం చూస్తే తెలిసింది. నేను వెళ్ళి భుజం పట్టుకున్నాను.

“ఈ వంకర ఎందుకు పెట్టినావు?”

“నీళ్ళు అట్లే తిరుగుతాయత్తా, వాలును బట్టి. దారి కూడా దాని పక్కనే పోతే బాగుంటుందని.”

“నీళ్ళు కండ్లు లేకున్నా పోతాయి. నేను పోవద్దా?”

మర్నాడు కూలీలను మళ్ళీ పిలిచి, గుమ్మం నుంచి గేటు దాకా దారిని తిన్నగా మార్చాను. కందకం ఉన్నచోటే ఉండింది, దాని మీద వెడల్పు బండ ఒకటి వేశాం. నేను గీసిన పటం పాడైంది. ఆ వంపు దారి నాకు ఇప్పటికీ ఇష్టమే.

ఆ రోజు నుంచి కాళమ్మ బయటికి రావడం మొదలైంది. మొదట నిమ్మగడ్డి దాకా, తర్వాత బండ దాకా, ఆషాఢం వచ్చేసరికి గేటు దాకా. అట్నుంచి తనే ఒక్కో పనీ లాక్కుంది. కూరల తొక్కలు అరటిగుంటలో వేయడం, కందికి నీళ్ళు చాలాయో లేదో వేలు గుచ్చి చూడడం, చిలగడదుంప తీగ దారిమీదికొస్తే వెనక్కి తిప్పడం. నేను పనినుంచి రాగానే ఆ రోజు కొత్తగా ఏం మొలిచిందో చెప్పేది. తళి మాట ఎత్తడం తగ్గింది. రోజూ సాయంత్రం నేను కంటిలో చుక్కలు వేసి, ట్యూబ్‌లైటు వేసి అడిగేదాన్ని.

“కనిపిస్తాందా అత్తా?”

“కనిపిస్తాంది.”

వినాయకచవితి అయిన కొన్నాళ్ళకు తళి నుంచి ముత్తప్ప వచ్చాడు. రోజాతోటలో ఆమెతో కలిసి పనిచేసిన మనిషి. బస్సులో వస్తూ కవర్లలో మూడు రోజామొక్కలు తెచ్చాడు. కాళమ్మకు పట్టరాని సంతోషం. నీటిగుంట పక్కన ఎండ బాగా పడుతుందని అక్కడే నాటించింది. ముత్తప్ప వేళ్ళతో మన్ను నొక్కుతుంటే పక్కన కూర్చుని, ఇంకా లోతు, ఇంకా లోతు అని గదమాయించింది.

నెల తిరక్కుండానే ఆకులు ముడుచుకుపోయాయి. ఆమె రెండు వేళ్ళ మధ్య ఒక ఆకు పట్టుకుని చూసి పురుగు పట్టింది అంది. నేను వేపకషాయం కాచి తెచ్చాను.

“కషాయం మనుషులకి. రోజాకి మందు కావాల.”

“ఈ పెరట్లో మందు కొట్టేది లేదత్తా.”

“మందు లేకుండా రోజాపువ్వు యాడన్నా చూసినావా నువ్వు? నా జల్మంతా కొట్టినాను. మూతికి గుడ్డ కట్టుకోని పొద్దున ఎండ రాకముందే కొట్టేది. పూలు అద్దం మాదిరి వస్తాండె.”

“ఆ గుంటలో కప్పలుండాయి. తేనెటీగలు వస్తాండాయి.”

“కప్పల కోసరం రోజాలు సంపుకుంటావా?”

మా మధ్య అంతకుముందు అంత గట్టిగా మాటలు జరగలేదు. అది రెండు రోజులు నడిచింది. మూడో రోజు నేను సాయంత్రం వచ్చి గేటు తీస్తుండగానే ఘాటైన వాసన కొట్టింది. కాళమ్మ గుమ్మం మెట్టు మీద కూర్చుని సబ్బుతో చేతులు రుద్దుకుంటోంది. పక్కన మందు కొట్టే చేతిపంపు, ఒక మందుసీసా ఉన్నాయి. నేను లేనప్పుడు ముత్తప్ప వచ్చి ఇచ్చిపోయాడట.

“కొట్టినాను,” అంది. “ఇంగ చూడు ఎట్లొస్తాయో.”

నేను లోపలికి వెళ్ళిపోయాను. వంట చేశాను, వడ్డించాను, మాట్లాడలేదు. బాలాజి మమ్మల్ని మార్చి మార్చి చూసి, తిని లేచాడు. పొద్దుపోయాక వాన పడింది. మెత్తని వాన కాదు, ఆకుల్ని కడిగి తోసేసే వాన.

రెండు రోజుల తర్వాత నేను గుంట దగ్గర ఆకులు ఏరుతున్నాను. కాళమ్మ దారి చివరి దాకా వచ్చి నిలబడింది.

“పరిమళా, కప్పలు అరవడం లేదే.”

నేను తలెత్తలేదు.

“వాన పడింది కదా. వాన పడితే అవి ఊరుకోవే.”

“సచ్చిపోయినాయత్తా.”

“అన్నీనా?”

“కనపడినవన్నీ. పొద్దున్నే తీసి పూడ్చినాను.”

“నేను కొట్టిన మందుకా?”

“వానకు కొట్టుకోనొచ్చి గుంటలో పడింది.”

ఆమె అక్కడే కూర్చుంది. చేయి చాపి మొదటి రోజామొక్కను వెతుక్కుంది. ఆకులు విప్పారి, నునుపుగా, నిజంగానే బాగున్నాయి. వాటిని ఒక్కొక్కటే తడిమింది. మందు కొట్టే రోజుల్లో తళి తోటలో పక్షుల సద్దు కూడా ఉండేది కాదని, అది ప్లాస్టిక్ పందిరి వల్ల అనుకునేదాన్నని చెప్పింది. నాతో చెప్తున్నట్టు కాదు, తనలో తను అనుకుంటున్నట్టు.

“ఇవి పీకెయ్,” అంది చివరికి.

“చెట్లేం చేసినాయి? ఉండనీ.”

“మందు లేకుంటే నిలబడవు.”

“నిలబడకపోతే అప్పుడు చూద్దాం.”

రెండు నిలబడలేదు. ఒకటి మిగిలింది. దానికి అణాబిళ్ళంత పువ్వులు పూసేవి. సీసా ముత్తప్పకే తిరిగిచ్చేశాం. గుంటలో నీళ్ళు తోడిపోసి, అడుగు మట్టి గోకి తీసి, కొత్త నీళ్ళు నింపాను. ఆ సంవత్సరం కప్పలు మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఎవరైనా మా తోట చూడడానికి వస్తే, కాళమ్మ వాళ్ళను గుంట దగ్గరికి తీసుకుపోయి, ఈడ కప్పలుండె, నేను సంపేసినాను అని చెప్పేది. హోసూరులో బట్టల కొట్టు ఉన్న రాజలక్ష్మి ఆ మాట విని నా వైపు చూసింది. తర్వాత తన ఇంటి పని నాకే ఇచ్చింది.

దీపావళికి ముందు వారం కృష్ణగిరిలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. పొద్దున్నే హోసూరు వెళ్ళి బస్సెక్కాం, ముగ్గురమూ. కాళమ్మ కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడవునా మా కంది ఎప్పుడు కోతకొస్తుందో, బొప్పాయిల్లో ఏది ముందు పండుతుందో చెప్తూ వచ్చింది. బాలాజి ఊ కొడుతూ ఫోను చూసుకుంటున్నాడు. పండగ అయ్యాక పిల్లప్పను రమ్మని చెప్పాడని నాకు తెలుసు. మా అమ్మ బాగానే తిరుగుతోంది కదా, ఇంకొన్నాళ్ళు చూద్దాం అని తనే అంటాడేమోనని ఎదురుచూస్తున్నాను. అతను అనలేదు.

డాక్టరు ఎడమకంటిలోకి లైటు వేసి చూశాడు. ఆపాడు. మళ్ళీ వేశాడు. తర్వాత లైటు పక్కన పెట్టి అడిగాడు.

“ఇప్పుడు ఏమైనా కనిపించిందామ్మా?”

“లేదు సార్.”

“ఎప్పట్నుంచి?”

“చవితికి ముందే ఆరిపోయింది.”

“ఏమి ఆరిపోయింది?” అన్నాడు బాలాజి.

డాక్టరు అతని వైపు చూశాడు. ఇది జరిగేదే అని, చుక్కలు వేసినా ఆగని కేసులు ఉంటాయని, ముందే వచ్చి ఉన్నా పెద్దగా తేడా ఉండేది కాదని మెల్లగా చెప్పాడు. నొప్పి రాకుండా చుక్కలు కొనసాగించమని రాసిచ్చాడు. మేము బయటికి వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. బాలాజి కూర్చోలేదు.

“ఎందుకు చెప్పలేదు మా?”

కాళమ్మ కొంగు సర్దుకుంది.

“చెప్పింటే మర్నాడే పిల్లప్పను పిలిచింటావు. రోడ్డు మాదిరి పోసేసింటావు. పైపు పట్టుకోని ఇట్లా పోయేది, అట్లా వచ్చేది.”

“నువ్వు పడకూడదనే కదా మా!”

“పడినానురా. రెండుసార్లు పడినాను, మీరిద్దరూ పనికి పోయినప్పుడు. మన్ను మెత్తగా ఉండాది. లేసినాను.”

బాలాజి అప్పుడు కూర్చున్నాడు. నేను అడిగాను.

“రోజూ లైటు వేస్తే కనిపిస్తాందంటివే అత్తా?”

“స్విచ్చి సద్దు వినపడుతుంది కదమ్మా.”

చవితికి ముందంటే, ముత్తప్ప మొక్కలు తెచ్చింది, ఆకు ముడుచుకుందని ఆమె చెప్పింది, చేతిపంపు పట్టుకుని మందు కొట్టింది, కప్పల సంగతి అడిగింది, అంతా ఆ తర్వాతే. వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని బండ దాటించింది కూడా. రోజూ ఆ కంటిలో చుక్కలు వేస్తూ అంత దగ్గరగా చూసింది నేనే. నాకు తెలియలేదు.

తిరుగు బస్సులో శూలగిరి దాటాక బాలాజి పిల్లప్పకు ఫోను చేశాడు. ఇసుక, జల్లి ఎవరికైనా కావాలంటే తీసుకుపొమ్మన్నాడు. అవతల ఏం అడిగాడో, “ఏమీ లేదప్పా, సుమ్నే,” అని పెట్టేశాడు. అమ్మ వైపు చూడలేదు. ఆమె కిటికీ చువ్వ మీద తల ఆనించి నిద్రపోతోంది, లేదా అలా కనిపించింది.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. ఆటో దిగగానే కాళమ్మ మాకంటే ముందు గేటు తీసింది. బాలాజి ఆమె మోచేయి పట్టుకోవడానికి చేయి చాపి, సగంలో వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఇటుకముక్కల దారి మీద తన మామూలు నడకతో నాలుగడుగులు వేసి దేన్నో ఢీకొంది. బాలాజి బైకు. పొద్దున మేమిద్దరం ఆటో ఎక్కి కూర్చున్నాక షిఫ్టు నుంచి వచ్చి, హడావుడిలో దారికి అడ్డంగా వదిలేశాడు.

అతను, “అమా!” అని పరుగెత్తాడు. ఆమె పడలేదు. మోకాలు రుద్దుకుని, హ్యాండిల్ తడిమి, అదేమిటో పోల్చుకుంది.

“దీన్ని ఈడ ఎవురు పెట్టింది?”

“నేనే మా.”

బాలాజి స్టాండు తీసి బైకును వెనక్కి లాగాడు. లాగి, ఎటు తిప్పాలో తోచక దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఒకవైపు కంది, ఒకవైపు చిలగడదుంప తీగ, వెనక నేను. ఆ పెరట్లో తన బండికి చోటెక్కడో అతనికి తెలియదు.

“యాడ పెట్టేది మా?” అని అడిగాడు.

కాళమ్మ కాలితో ఇటుకముక్కల అంచు చూసుకుంది. తర్వాత చెయ్యెత్తి, గోడవైపు, మునగ నీడ పడేచోటికి సరిగ్గా చూపించింది.

“ఆడ పెట్టు. తీగ తొక్కద్దు.”